గో-కార్ట్ నడపడం: తొలి రేసు మెలకువలు

గో-కార్ట్ అంటే గొట్టాల చట్రం మీద చిన్న ఇంజను, నాలుగు చిన్న చక్రాలు, ఒకే సీటు ఉండే రేసు బండి. రోజువాడుకలో కార్ట్ అంటే చాలు. దీనికి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉండవు. చట్రమే కాస్త మెలిపడి సస్పెన్షన్ పని కూడా చూసుకుంటుంది. తొలి కార్టును 1956లో దక్షిణ కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ తయారుచేశాడని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అప్పటికి అతను రేసు కార్లు కట్టే కర్టిస్ క్రాఫ్ట్‌లో పనివాడు. పేచీ అంతా ఇంజను దగ్గరే. కొందరు మెక్‌కల్లక్ అంటారు, కొందరు వెస్ట్ బెండ్ అంటారు. గడ్డి కోసే యంత్రాల కోసం తయారై మిగిలిపోయిన వెస్ట్ బెండ్ ఇంజనన్న కథనమే నమ్మదగినదిగా తోస్తుంది. 1959లో మెక్‌కల్లక్ ప్రత్యేకంగా కార్టుల కోసమే ఎంసీ-10 ఇంజను తెచ్చింది కాబట్టి, ఆ పేరు తర్వాత పాత కథకు అతుక్కుని ఉండవచ్చు.

ఈ వ్యాసం అద్దె కార్టుతో మొదటిసారి రేసులో దిగేవారిని ఉద్దేశించింది. ఇవి ఎక్కువగా 160 నుంచి 270 సీసీ దాకా ఉండే నాలుగు స్ట్రోకుల ఇంజన్లతో నడుస్తాయి. గేర్లు ఉండవు. ఎడమ కాలికి బ్రేకు, కుడి కాలికి యాక్సిలరేటర్.

వెనక ఇరుసు

కార్టు నడపడంలోని మెలకువల్లో చాలావాటికి మూలం వెనక ఇరుసే. కారుకు ఉన్నట్టు దీనికి డిఫరెన్షియల్ లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కనుక ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఇరుసు ఆ తేడాకు ఒప్పుకోదు. ఒప్పుకోనప్పుడు ముందు చక్రాలు ఎంత తిప్పినా బండి తిన్నగా పోవాలనే చూస్తుంది.

దీనికి విరుగుడు స్టీరింగ్ అమరికలోనే ఉంది. ఆగి ఉన్న కార్టు స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి ముందునుంచి గమనిస్తే, లోపలి ముందు చక్రం కిందికి ఒత్తుకోవడం, బయటిది పైకి జరగడం కనిపిస్తుంది. బరువంతా లోపలి ముందు చక్రం మీదికీ బయటి వెనక చక్రం మీదికీ చేరి, లోపలి వెనక చక్రం తేలికపడుతుంది. మలుపు వేగం తోడైతే అది నేలను వదులుతుంది కూడా. అప్పుడే కార్టు హాయిగా తిరుగుతుంది.

మోటారు సైకిలు అలవాటున్నవాళ్లు మలుపులో లోపలికి ఒరుగుతారు. అలా ఒరిగితే లేవవలసిన చక్రం మీదే బరువు పడుతుంది. బయటికి వాలమనే శిక్షకులూ ఉన్నారు. తడి ట్రాక్ మీద ఆ మాటకు అర్థం ఉంది. పొడి ట్రాక్ మీద కొత్తవారు నడుము సీటుకు ఆనించి కుదురుగా కూర్చోవడమే మేలనేవారి వాదన మరింత సబబు. చేతులు స్టీరింగుకు చెరో పక్కన, గడియారంలో తొమ్మిది, మూడు అంకెల చోట ఉండాలి.

బ్రేకు, గీత

చాలా అద్దె కార్టులకు బ్రేకు వెనక ఇరుసుకే ఉంటుంది. స్టీరింగు తిప్పి ఉండగా గట్టిగా తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుని బండి గిర్రున తిరుగుతుంది. బ్రేకు పని తిన్నటి దారిలోనే ముగించి, ఆ తర్వాతే మలుపులోకి తిప్పాలి. రెండు పెడళ్లూ ఒకేసారి తొక్కడం కొత్తవారిలో సాధారణం. దానివల్ల క్లచ్ వేడెక్కుతుంది, వేగమూ పోతుంది.

మలుపు గీత గురించి పుస్తకాలన్నీ చెప్పేది ఒకటే: బయటి అంచునుంచి మొదలై, లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి. లోపలి అంచును ఎక్కడ తాకాలన్నదే అసలు ప్రశ్న. కొత్తవారు తొందరపడి ముందే తాకి, మలుపు చివర దారి చాలక యాక్సిలరేటర్ వదిలేస్తారు. ఇంత చిన్న ఇంజనుతో ఆ పోయిన వేగం తిరిగి రావడానికి తర్వాతి తిన్నటి దారంతా పడుతుంది. అందుకే కొంచెం ఆలస్యంగా తాకడం లాభం, పొడవైన తిన్నటి దారికి ముందున్న మలుపులో మరీ లాభం. టైర్లు కీచుమంటుంటే వేగంగా పోతున్నామనిపిస్తుంది. నిజానికి ఆ జారుడంతా వేగాన్ని తినేదే. చూపు ఎదుటి బండి బంపరు మీద కాక తర్వాతి మలుపు మీద ఉండాలి.

దుస్తులు

ఈ అంశాన్ని కొన్ని పుస్తకాలు ఒక వాక్యంతో దాటేస్తాయి. అది సరికాదు. 2018 ఫిబ్రవరిలో హర్యానాలోని పింజోర్‌లోనూ, 2020 అక్టోబరులో హైదరాబాదు శివారు గుర్రంగూడలోనూ జుట్టు చక్రంలో చిక్కుకుని ఇద్దరు యువతులు మరణించినట్లు వార్తలు వచ్చాయి. తిరిగే ఇరుసు, ఇంజను రెండూ సీటుకు జానెడు దూరంలోనే ఉంటాయి. జడను ముడిచి, బిగువైన టోపీలోకో చొక్కా లోపలికో దోపి, దానిమీద హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింది పట్టీ బిగించాలి. చున్నీ, వేలాడే హుడీ తాళ్లు, విప్పిన షూ లేసులు పనికిరావు. పక్కటెముకలకు కవచం ఇస్తే వద్దనకూడదు.

రేసులో

మొదటి ఒకటి రెండు ల్యాపుల్లో టైర్లు చల్లగా ఉండి పట్టు తక్కువ. మొదటి మలుపులో అందరూ ఒకేచోట గుమిగూడతారు. అక్కడ ఒక స్థానం పోయినా బండి తిన్నగా ఉండడమే ముఖ్యం. దాటడానికి అనువైన చోటు బ్రేకు తొక్కే చోటే. మలుపు మధ్యలో లోపలికి దూరితే ఇద్దరూ నష్టపోతారు. పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉందనీ, అక్కడ ఎవరినీ దాటకూడదనీ అర్థం. నీలం జెండా చూపితే వెనకనుంచి వేగంగా వస్తున్నవారికి దారివ్వాలి. ఎరుపు జెండాకు ఏం చేయాలన్నది ట్రాక్‌ను బట్టి మారవచ్చు కాబట్టి రేసుకు ముందే అడిగి తెలుసుకోవాలి. బండి గిర్రున తిరిగి ఆగిపోతే దిగకుండా చెయ్యెత్తి మార్షల్ వచ్చేదాకా కూర్చోవాలి.

వానలో లెక్క మారుతుంది. రోజూ అందరూ పోయే గీత మీద టైర్ల రబ్బరు పేరుకుని ఉంటుంది. తడిస్తే అదే అన్నిటికన్నా జారుతుంది. అనుభవజ్ఞులు అప్పుడు ఆ గీత వదిలి మలుపు బయటి వైపునుంచి పోతారు.