ఏ సీడీ చేతికొస్తే అదే యూనిక్స్

ఇంట్లో 386 కంప్యూటరున్న మనిషికి 1992లో యూనిక్స్ కావాలంటే వరస ప్రకారం దొరకాల్సింది బీఎస్‌డీ. బర్కిలీ విశ్వవిద్యాలయంలో పదిహేనేళ్లు పెరిగి రాటుదేలిన వ్యవస్థ అది. విలియం, లిన్ జోలిట్జ్ దంపతులు దాన్ని ఆ చిప్పుకి సరిపడేలా మలిచి, 386బీఎస్‌డీ పేరుతో ఆ ఏడాదే బయటపెట్టారు. ఆ ఏడాదే ఏటీ అండ్ టీ తరఫున యూనిక్స్ సిస్టమ్ లేబొరేటరీస్ బీఎస్‌డీలో తమ కోడుందంటూ కోర్టుకెక్కింది. 1994 మొదట్లో రాజీ కుదిరేనాటికి, దాదాపు 18,000 ఫైళ్లలో తీసెయ్యాల్సినవిగా తేలినవి మూడు. మూడంటే మూడు! ఈలోగా జనం, హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ వైపు వెళ్లిపోయారు. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ అనే లినక్స్ పంపిణీలు రెండూ పుట్టాయి. 386బీఎస్‌డీ ముందే దొరికి ఉంటే లినక్స్ మొదలుపెట్టేవాణ్ణి కాదేమోనని లైనస్సే తర్వాత అన్నాడు. ఏది మెరుగన్న చర్చలు నేనూ ఏళ్ల తరబడి చేశాను. కానీ ఈ ఎంపిక చరిత్రలో మెరుగుదనం ఎప్పుడూ రెండో ప్రశ్నే. చేతికి అందేది ఏదన్నదే మొదటిది.

గుంటూరులో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో చేతికి అందేది పత్రికతో వచ్చే సీడీ. 28.8 మోడెంతో 650 మెగాబైట్లు దించాలంటే, లైను ఒక్కసారి కూడా తెగకపోయినా, రెండు రోజుల పైమాటే. పీసీ క్వెస్ట్ 1996 మార్చి సంచికతో స్లాక్‌వేర్ పంచింది. తర్వాతి ఏళ్లలో రెడ్ హ్యాట్ మీద కట్టిన సీడీలు ఇచ్చింది. మా తరంలో ఎంతోమందికి రెడ్ హ్యాట్ వాడే ఆర్‌పీఎమ్ కమాండ్లు నోటికొచ్చాయంటే కారణం ఆ సంచికలే. ఎవరూ నాలుగు పంపిణీలు పక్కపక్కన పెట్టి తూచలేదు. ఒకే సీడీ పదిమంది చేతులు మారేది.

సీడీ ఎక్కించాక అసలు కథ మొదలయ్యేది. నల్లటి తెర, లాగిన్ ప్రాంప్టు వచ్చేవి. కిటికీలు, మౌసు కావాలంటే ఎక్స్ఎఫ్86కాన్ఫిగ్ అనే ఫైలు సరిగ్గా కుదరాలి. అందులో మానిటర్ అడ్డంగా ఎన్ని కిలోహెర్ట్జ్, నిలువుగా ఎన్ని హెర్ట్జ్ తట్టుకుంటుందో అంకెలు రాయాలి. తప్పు అంకెలిస్తే మానిటర్ పాడయ్యే ప్రమాదం ఉందని హెచ్చరిక కూడా ఉండేది. ఆ అంకెలు మానిటర్‌తో వచ్చిన చిన్న పుస్తకం చివరి పేజీల్లో ఉండేవి. అందుకే నా విద్యార్థులకి ముందు చెప్పే మాట, ఆ పుస్తకం పారెయ్యకండమ్మా అని. లోపల బిగించిన మోడెం అయితే ఇంకో చిక్కు. వాటిలో చాలావాటి పని సగం విండోస్ డ్రైవరే చేసేది కాబట్టి లినక్స్‌లో పలికేవి కావు. క్లాస్ నాపర్ 2000లో తెచ్చిన నాపిక్స్ ఈ భయాన్ని చాలావరకు తీసేసింది. హార్డ్ డిస్కు జోలికి వెళ్లకుండా సీడీ నుంచే నడిచి, ఏది పనిచేస్తుందో ముందే చూపించేది. దాని విలువకి తగ్గ పేరు దానికి రాలేదని నాకు ఇప్పటికీ బాధ.

తెలుగు వాళ్లకి వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి అక్షరాలు. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అవి లినక్స్‌లో నడిచేవి కావు. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు అన్నీ వాటిలోనే కూర్చేవారు. లినక్స్ ఎంత ఉచితమైనా, శుభలేఖ కొట్టడం రానిది డీటీపీ చేసేవాళ్లకెందుకు? 2002లో లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 2తో పాటు పాంగో వచ్చాక దారి తెరుచుకుంది. యూనికోడ్ తెలుగులో ఒత్తులు, గుణింతాలు ఎక్కడ కూర్చోవాలో చూసేది పాంగోయే. కొత్త వ్యవస్థ ఏదొచ్చినా నేను మొదట కొట్టి చూసే మాట ‘స్త్రీ’. సకారం కింద తకారం, రకారం రెండూ కుదిరి, పైన దీర్ఘం పడిందా, లేక మూడు ముక్కలై పొల్లులతో నిలబడిందా? ఈ ఒక్క పరీక్షతో కొన్ని పంపిణీలను పక్కన పెట్టేశాను. దేశికాచారి గారి పోతన ఫాంటు వేశాక తెర మీద తెలుగు పుస్తకంలోలా కనిపించింది. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ వాళ్లు డెబియన్ ఆధారంగా మెనూలతో సహా తెలుగులో ఉన్న వ్యవస్థ తయారుచేశారు. మన భాషకి ఎవరో చేసిపెడతారని ఎదురుచూడకుండా ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చుని మాట మాట అనువదించారు. ఆ పనికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

2004 అక్టోబరులో ఉబుంటు వచ్చింది. ఆ తర్వాత అడిగినవాళ్లకల్లా సీడీలు ఉచితంగా పోస్టులో పంపారు. 2011లో ఆ పంపకం ఆగిపోయింది. మా ఊళ్లో డెస్క్‌టాప్ లినక్స్ అంటే ఇప్పటికీ చాలామందికి ఉబుంటుయే. మళ్లీ అదే, ఇంటికి ఏది చేరిందో అదే.

ఇప్పుడు ఎవరైనా నన్ను ఏది వేసుకోమంటారని అడిగితే, మీ పాత ఫైళ్లు ఏ ఫాంటులో ఉన్నాయని ముందు అడుగుతాను. యూనికోడ్‌లో ఉంటే డెబియన్ వేసిస్తాను. అనులో ఉంటే, అవన్నీ యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు చూసుకునేదాకా ఆ పాత విండోస్ మిషన్ని కదపొద్దంటాను.