అక్షాంశములకు ఆధారమేది?

1802లో లాంబ్‌టన్ మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి త్రికోణమితి సర్వేను ప్రారంభించెను. ఆ పనిని కొనసాగించిన ఎవరెస్టు 1830లో నిర్ణయించిన భూమి ఆకృతిపై, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ మూలబిందువుగా మన పాత పటములు తయారైనవి. అందు భూమధ్యరేఖా వ్యాసార్ధము సుమారు 63,77,276 మీటర్లు. ఉపగ్రహముల సాయముతో చోటు తెలుపు పరికరములు అనుసరించు 1984 నాటి ప్రపంచ ప్రమాణములో అది 63,78,137 మీటర్లు. ఆకృతి కేంద్రము కూడ వేరు.

కనుక ఒకే గ్రామమునకు రెండు జతల అక్షాంశ రేఖాంశములు కలవు. రెంటిని కలగలిపి కంప్యూటరులో నిల్వచేసినచో చెరువుగట్టు వంద మీటర్లకు పైగా జరిగి, పొరుగువాని పొలములో కనిపించవచ్చును. 2005 నాటి జాతీయ పట విధానము ప్రజోపయోగ పటములకు ప్రపంచ ప్రమాణమునే నిర్దేశించెను.

కాని పాత అంకెలకు కొత్త ప్రమాణము పేరు తగిలించినంతనే దోషము పోదు. మొదట అవి దేనికి చెందినవో గుర్తించి, పిదప సూత్రముతో అంకెలనే మార్చవలెను. ఏ మానికతో కొలిచితిమో చెప్పని గింజల లెక్క ఎట్టిదో, ప్రమాణము చెప్పని అక్షాంశ రేఖాంశములును అట్టివే.