క్రోన్స్ వ్యాధి – పేగు బాక్టీరియా

క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో వాపు, పుండ్లు కలిగించే దీర్ఘకాలిక వ్యాధి. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గాని, చిన్నపేగు చివరి భాగంలోనూ పెద్దపేగులోనూ ఎక్కువ. న్యూయార్క్ వైద్యుడు బర్రిల్ క్రోన్, ఆయన సహచరులు 1932లో దీన్ని వర్ణించారు.

దీనికి కారణమైన క్రిమి కోసం వెతుకులాట అంతకన్నా పాతది. గ్లాస్గో సర్జన్ కెనెడీ డాల్జియెల్ 1913లోనే ఇలాంటి రోగుల పేగులను పశువులకొచ్చే జోనీస్ వ్యాధితో పోల్చాడు. ఆ వ్యాధి కలిగించే బాక్టీరియా క్షయ క్రిమికి దగ్గరి బంధువు. దాన్ని చంపే మూడు యాంటీబయాటిక్‌లను ఆస్ట్రేలియాలో రోగులకు రెండేళ్లు ఇచ్చి చూశారు. నిలకడైన మేలు లేదని 2007లో తేలింది.

అయినా పేగులోని పదార్థమే వ్యాధిని రేపుతుందనడానికి బలమైన ఆధారం బెల్జియంలోని లూవెన్‌లో దొరికింది. జబ్బుపడిన పేగు ముక్కను కోసి తీసి, మిగిలిన రెండు కొసలను కలిపాక, పేగులోని పదార్థం ఆ అతుకు దాకా చేరకుండా పైనే బయటికి మళ్లించారు. అలా మళ్లించినంత కాలం అక్కడ వ్యాధి తిరగబెట్టలేదు. దారి తెరిచిన ఆరు నెలల్లో అందరిలోనూ మళ్లీ వచ్చింది (1991). తర్వాత ముగ్గురు రోగులకు సొంత పేగు ద్రవాన్నే ఆ భాగంలోకి పంపితే, ఎనిమిది రోజుల్లోనే వాపు మొదలైంది (1998). కొద్దిమంది మీద చేసినవే అయినా, ఇంత సూటిగా జవాబిచ్చిన ప్రయోగాలు ఈ రంగంలో అరుదు.

దోషం ఒక్క క్రిమిది కాదు, మొత్తం సమూహం పొందిక చెడడమే అన్నది నేటి అవగాహన. పేగు గోడ కణాలకు ఇంధనమైన బ్యుటిరేట్‌ను తయారుచేసే ఫీకాలిబాక్టీరియం ప్రాస్నిట్జి ఈ రోగుల్లో తగ్గుతుంది. ఆపరేషన్ నాటికి అది తక్కువగా ఉన్నవారిలో వ్యాధి త్వరగా తిరగబెట్టిందని 2008లో ఫ్రెంచి పరిశోధకులు చూపారు. అదే సమయంలో, పేగు కణాల్లోకి చొరబడే ఒక రకం ఈ.కోలై పెరుగుతుంది. అయితే ఈ మార్పులు వాపుకు కారణమా, ఫలితమా అన్నది పూర్తిగా తేలలేదు.

శరీరం వైపు నుంచీ లోపం ఉంటుంది. బాక్టీరియా గోడ ముక్కలను గుర్తించే నాడ్2 జన్యువులో మార్పులుంటే ముప్పు పెరుగుతుందని 2001లో కనుగొన్నారు. ఐరోపావారిలో తేలిన ఆ ముఖ్యమైన మార్పులు భారతీయుల్లో అరుదు. కాబట్టి అక్కడి ఫలితాలను మన రోగులకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

మన దేశంలో మరో చిక్కు పేగు క్షయ. లక్షణాల్లోనూ స్కోపీలోనూ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. క్షయ మందులతో అది నయమవుతుంది. క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే ముదురుతుంది.

ప్రోబయాటిక్‌లు క్రోన్స్‌ను అదుపు చేస్తాయనడానికి తగిన ఆధారాలు లేవు. వాటిని నమ్ముకుని డాక్టరు రాసిన మందులు ఆపకండి. పొగతాగే అలవాటుంటే మానేయండి. అది ఈ వ్యాధిని ముదరబెడుతుంది.