రాయపూర్‌లో సముద్రం: ప్రళయమా? భూగర్భశాస్త్రమా?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో తెలీబంధా చెరువు గట్టును జనం "మెరైన్ డ్రైవ్" అంటారు. సముద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉంది. బొంబాయిని చూసి పెట్టుకున్న ముద్దుపేరు అది. ఆ గట్టు మీదే ఒక తెలుగు పెద్దాయన నాతో అన్నారు: "ఇక్కడి రాళ్ళల్లో పగడాలున్నాయండీ. మత్స్యావతారం నాటి ప్రళయానికి ఇంతకంటే ఋజువేం కావాలి?"

ఇలాంటి మాట వినగానే "అంతా బూటకం" అని కొట్టిపారెయ్యడం మనలో కొందరికి అలవాటు. నేను ఆ పని చెయ్యలేదు. ఎందుకంటే ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం. అక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది! మిగతా సగాన్నే పరీక్షకు పెట్టాలి.

ముందు ఆ "పగడాల" సంగతి. రాయపూర్ కింద ఉన్నది సున్నపురాయి. బలోదా బజార్ చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి వల్లే. కొన్నిచోట్ల ఈ రాయిలో క్యాబేజీని అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి ఆకారాలు కనిపిస్తాయి. చూడగానే పగడపు దిబ్బ అనిపిస్తుంది. కానీ అవి స్ట్రొమటోలైట్లు. లోతులేని సముద్రంలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు జిగురు పొరలుగా పెరుగుతూ, మట్టినీ సున్నాన్నీ పట్టి ఉంచగా ఏర్పడ్డవి. వాటి వయసు సుమారు 100 కోట్ల ఏళ్ళు. పగడపు జీవులు భూమ్మీద పుట్టిందే దాదాపు 50 కోట్ల ఏళ్ళ క్రితం. అంటే ఆ రాయి ఏర్పడ్డనాటికి పగడమూ లేదు, చేపా లేదు. మత్స్యావతారానికి మత్స్యమే లేదన్నమాట!

ఇంకో సముద్రం కథ ఇదే రాష్ట్రంలో ఉత్తరాన ఉంది. 1954లో ఎస్. కె. ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మనేంద్రగఢ్ దగ్గర హస్‌దేవ్ నది ఒడ్డు రాళ్ళలో సముద్రజీవుల శిలాజాలను కనుగొన్నాడు. అంతకుముందు 1921లో పక్కనున్న ఉమరియాలోనూ ఇలాంటివి దొరికాయి. 1982లో భారత భూగర్భ సర్వే సంస్థ మనేంద్రగఢ్ చోటును జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. ఆ శిలాజాల వయసు సుమారు 28 కోట్ల ఏళ్ళు. అక్కడ దొరికిన వాటిలో యూరిడెస్మా అనే రెండు చిప్పల ప్రాణి ముఖ్యమైనది. అది చల్లటి నీళ్ళలో బతికే జీవి. దాని శిలాజాలు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, అర్జెంటీనాలో కూడా దొరికాయి. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవి.

మండే మధ్య భారతంలో చలినీటి జీవి ఏమిటి? దానికీ జవాబుంది. 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఒడిశాలోని తాల్చేర్ దగ్గర గుండ్రాళ్ళ పొరలను చూసి, ఇవి మంచు మోసుకొచ్చినవి అన్నారు. మనేంద్రగఢ్ శిలాజాలున్నది ఆ తాల్చేర్ తరహా పొరల్లోనే. మన సింగరేణి బొగ్గు పొరలకు అడుగున కూడా అవే ఉన్నాయి. హిమానీనదాలు కరిగాయి, సముద్రమట్టం పెరిగింది, నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చాయి.

ఇప్పుడు ప్రళయాన్ని పరీక్షిద్దాం. ఒకేసారి వరద ముంచేస్తే గవ్వలూ ఎముకలూ చెట్లూ కలగాపులగంగా పడి ఉండాలి. కానీ రాయపూర్ సముద్రానికీ మనేంద్రగఢ్ సముద్రానికీ మధ్య దాదాపు 70 కోట్ల ఏళ్ళ తేడా. దేని జీవులు దాని పొరల్లోనే ఉన్నాయి. ఏ వరద ఇంత పద్ధతిగా సర్దిపెడుతుంది? ఇదే తరహా ప్రశ్నను 500 ఏళ్ళ క్రితం ఇటలీలో లియొనార్డో డావిన్సీ వేశాడు. గవ్వపురుగు రోజుకు నాలుగు మూరలు కూడా పాకలేదు. 40 రోజుల వరదలో 250 మైళ్ళు ఎలా నడిచింది? అని లెక్క కట్టి అడిగాడు.

మనవాళ్ళు వినవలసిన కథ ఇంకోటుంది. చర్చిని ఎదిరించిన వోల్టేర్, 1746లో ఆల్ప్స్ కొండల మీది గవ్వల గురించి రాస్తూ, అవి తీర్థయాత్రికుల టోపీల నుంచి రాలి ఉంటాయన్నాడు. గవ్వలు నిజంగా సముద్రానివని ఒప్పుకుంటే నోవా ప్రళయాన్ని ఒప్పుకున్నట్టవుతుందని అనుమానం! బైబిలు మీద కోపంతో సాక్ష్యాన్నే కాదన్నాడు. మతగురువులు జవాబు ముందే రాసుకుని గవ్వను చూశారు. వోల్టేరూ అదే చేశాడు. హేతువాది అని పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ జబ్బు మనకు రాదనుకోవద్దు.

అందుకే ఆ పెద్దాయనతో "సముద్రం నిజమేనండీ, కానీ ఎన్ని సముద్రాలు? ఎప్పుడెప్పుడు?" అన్నాను. మన పూజగదుల్లోని సాలగ్రామాల గురించీ చెప్పాను. నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్ళలో చక్రంలా కనిపించేది అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలో బతికింది. ఆ జాతి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం అంతరించింది. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మా ఇంట్లో ఉన్నది గుల్లా?" అన్నారు.

అవునన్నాను. పారెయ్యమని మాత్రం అనలేదు. భూతద్దం పెట్టి చూడమన్నాను.