కొత్త బూటూ, రోము నగరపు పరుగూ

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకొస్తాయి. కాళ్ళకి తొడుక్కునే బూటుకి కూడా చరిత్ర ఉందని నేను ఈ మధ్యనే తెలుసుకున్నాను. అందులో మన ఊరి పిల్లలకి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన భాషలో "కొత్త చెప్పు కరిచింది" అంటాం. చెప్పుకి పళ్ళు లేవు, అయినా కరుస్తుంది. ఎవరైనా కుంటుతూ కనబడితే మా ఇంట్లో "ఏటిరా, చెప్పు కరిచిందా?" అనే అడుగుతారు. పూర్వం తోలు చెప్పులు కొన్నాక వాటికి ఆముదం పట్టించి, మెత్తబడ్డాకే దూర ప్రయాణానికి వేసుకునేవారని మా తాతగారు చెబుతారు. కొత్త చెప్పుని మచ్చిక చేసుకోవాలని మన పెద్దలకి ఎప్పుడో తెలుసన్నమాట. ఇదే సంగతి 1960లో ప్రపంచమంతా చూస్తుండగా రోము నగరంలో ఒక పెద్ద పరుగు పందెంలో బయటపడింది.

ఆ పందెం ఒలింపిక్ మారథాన్. దాని దూరం 42.195 కిలోమీటర్లు. మన ఇచ్చాపురం నుంచి బరంపురం వెళ్ళి, మళ్ళీ చాలావరకు వెనక్కి వచ్చేసినంత దూరం అనుకోవచ్చు. ఇథియోపియా దేశం నుంచి అబేబె బికిలా అనే 28 ఏళ్ళ యువకుడు ఆ పందేనికి వచ్చాడు. ఆయన చక్రవర్తి అంగరక్షక దళంలో సిపాయి. ఆయన శిక్షకుడు ఒన్ని నిస్కానెన్ స్వీడన్ దేశస్థుడు. రోములో బికిలా పాత బూట్లు పనికిరాకుండా పోయాయి. దొరికిన కొత్త బూట్లు కాలికి సరిగ్గా కుదరలేదు, వేళ్ళకి బొబ్బలెక్కాయి. పందెం దగ్గర పడింది, కొత్త బూట్లని మచ్చిక చేసుకునే వ్యవధి లేదు. అప్పుడు గురుశిష్యులిద్దరూ కలిసి, బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతోనే పరుగెత్తాలని నిశ్చయించారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1935లో ముస్సోలినీ సైన్యం ఇథియోపియా మీద దండెత్తింది. 1936 మే నెలలో రాజధాని అడిస్ అబాబాను పట్టుకుంది. మన గంజాం ప్రాంతం ఒరిస్సా రాష్ట్రంలో కలిసింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 1న. అప్పటికి బికిలా నాలుగేళ్ళు కూడా నిండని పసివాడు. 1937లో ఇటలీవాళ్ళు అక్సుమ్ అనే పురాతన నగరం నుంచి పెద్ద రాతి స్తంభాన్ని తీసుకుపోయి రోములో నిలబెట్టుకున్నారు. 1960 సెప్టెంబరు 10 సాయంత్రం బికిలా పరుగెత్తిన దారి ఆ స్తంభం పక్కనుంచే వెళ్ళింది. చీకటి పడ్డాక సైనికులు దారి పొడుగునా కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. దారిలో కొంతభాగం రాళ్ళు పరిచిన పాత రోమను బాట. చివర్లో, ఆ స్తంభం దగ్గరే, మొరాకో పరుగువీరుడు రాదీని వెనక్కి నెట్టి బికిలా ముందుకు దూసుకుపోయాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పందెం ముగించి బంగారు పతకం గెలిచాడు. తన దేశాన్ని ఆక్రమించినవాళ్ళ రాజధానిలో, ఉత్త కాళ్ళతో గెలిచాడు. ఆ స్తంభం 2005లో తిరిగి ఇథియోపియాకి చేరింది.

ఈ కథ చదివినవాళ్ళలో చాలామంది "బూట్లు లేకపోతేనే బాగా పరిగెట్టవచ్చు" అంటారు. నాకు అలా అనిపించడం లేదు. నాలుగేళ్ళ తరువాత, 1964లో, టోక్యో ఒలింపిక్స్‌లో బికిలా బూట్లు వేసుకునే పరుగెత్తాడు. అంతకు కొద్ది వారాల ముందే ఆయనకి అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. అయినా 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచాడు, అంటే రోములో కన్నా 3 నిమిషాలు తక్కువలో. బూటే శత్రువైతే ఇది ఎలా సాధ్యం? నా ఉద్దేశంలో రోములో ఆయన వద్దనుకున్నది తన కాలికి అలవాటు లేని బూటుని. ఉత్త కాళ్ళతో పరుగు ఆయనకి ముందునుంచీ అలవాటు, అరికాళ్ళు గట్టిపడి ఉన్నాయి. తెలిసినదాన్ని నమ్ముకున్నాడు, తెలియనిదాన్ని పక్కనపెట్టాడు.

మన దేశ చరిత్ర కూడా ఇలాంటిదే. 1919లో పూనాలో జరిగిన పోటీల్లో రైతుబిడ్డలు చెప్పుల్లేకుండా దూరపు పందేలు పరుగెత్తడం దోరాబ్జీ టాటా చూశారు. వాళ్ళ వేగానికి ఆశ్చర్యపోయి, 1920లో మన జట్టుని బెల్జియం దేశంలోని ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కి పంపడానికి పూనుకున్నారు. ఆ జట్టులోని ఫడెప్ప చౌగులే మారథాన్‌లో 19వ స్థానంలో వచ్చాడు. తరువాత శివనాథ్ సింగ్ అనే బీహారు సిపాయి 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 11వ స్థానం సాధించాడు. ఆయనకి కూడా ఉత్త కాళ్ళ పరుగువీరుడనే పేరుంది. 1978లో జలంధర్‌లో ఆయన 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేసి నెలకొల్పిన జాతీయ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు.

జపాను దేశంలో ఇంకో దారి తొక్కారు. కోబె నగరంలో కిహాచిరో ఒనిత్సుకా అనే బూట్ల తయారీదారు, మారథాన్ పరుగువీరుల కాళ్ళు ఎందుకు బొబ్బలెక్కుతున్నాయో పరిశీలించాడు. బూటు లోపల వేడి, చెమట ఎక్కువైనప్పుడు చర్మం నానిపోతుంది, ఆపైన రాపిడికి తట్టుకోలేదు అని గ్రహించాడు. అందుకని గాలి ఆడేలా రంధ్రాలున్న బూటు తయారుచేశాడు. 1961లో ఒసాకా పరుగుకి వచ్చిన బికిలాని కలిసి, తన బూట్లు వేసుకోమని ఒప్పించాడని ఆ కంపెనీ చరిత్ర చెబుతుంది. ఆ పందెంలోనూ బికిలాయే గెలిచాడు.

బొబ్బ ఎలా వస్తుందో మనమూ తెలుసుకోవాలి. బూటు ఒకవైపు లాగుతుంది, లోపలి ఎముక ఇంకోవైపు కదులుతుంది. మధ్యలో చర్మం పొరలు విడిపోయి, ఆ సందులో నీరు చేరుతుంది. కొత్త బూటుకి మడమ భాగం బిగువుగా ఉంటుంది, అడుగుభాగం మన పాదం వంగినచోట వంగదు. కొన్నాళ్ళు వాడితే అది మన పాదానికి తగ్గట్టు వంగుతుంది, మన చర్మం కూడా ఆ రాపిడికి అలవాటు పడుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన గిరిసోలలో తెల్లవారుజామున హైవే పక్కన పరిగెట్టే అన్నయ్యల్ని మనం రోజూ చూస్తున్నాం. కొందరు ఆర్మీకి, కొందరు పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తారు. కొందరు దూరపు పరుగులకి కూడా వెళ్తారు. నెలల తరబడి పాత కాన్వాస్ బూట్లతోనో, ఉత్త కాళ్ళతోనో పరిగెట్టి, ఆఖరి రోజుకి మాత్రం ఇంట్లోవాళ్ళు ప్రేమతో కొత్త బూట్లు కొంటారు. లేదా స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకుంటారు. మా వీధిలో ఒక అన్నయ్య అలాగే వెళ్ళి, సగం దూరం పరిగెట్టాక మడమ ఊడిపోయి కూర్చుండిపోయాడు. ఆ పరుగు మీద ఒక కుటుంబం ఆశ పెట్టుకుంది. దమ్ము చాలక పోతే సరే అనుకోవచ్చు, బూటు కరిచి పోవడం చాలా బాధ.

కాబట్టి బూట్లు కనీసం రెండు మూడు వారాల ముందు కొనాలి. సాయంత్రం పూట కొనడం మేలు, ఎందుకంటే అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పొడవాటి వేలు ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మొదట రెండు రోజులు ఇంట్లో తిరగాలి, తరువాత రెండు మూడు కిలోమీటర్లు, ఆపైన మెల్లగా పెంచుకోవాలి. మధ్యమధ్య పాత బూట్లు వేసుకోవచ్చు. పందెం నాడు వేసుకోబోయే మేజోళ్ళతోనే ఒకసారి ఎక్కువ దూరం పరిగెట్టి చూడాలి. ఎక్కడైనా ఎర్రబడితే ఆ చోట ముందే ప్లాస్టర్ అంటించుకోవాలి. అంత వ్యవధి లేకపోతే సాధన చేసిన పాత బూట్లతోనే వెళ్ళాలి. అవి చిరిగి ఉన్నాయని సిగ్గుపడక్కర్లేదు.

మన స్కూల్లో ఈసారి క్రీడల జట్టుకి బూట్లు కొనేటప్పుడు, పోటీకి ముందురోజు కాకుండా నెల ముందే పంచిపెట్టమని మన పి.ఇ.టి. మాస్టారిని అడుగుదాం. ఇంకో రూపాయి ఖర్చు లేకుండా చెయ్యగలిగిన సాయం ఇది.