చిలుకలో ప్రాణం: బాలనాగమ్మ కథ పుట్టుక, రూపాంతరాలు

తెలుగునాట బుర్రకథకులు తరతరాలుగా పాడుతూ వచ్చిన బాలనాగమ్మ కథకు కర్త అంటూ ఒకరు లేరు. ఏడుగురు అక్కచెల్లెళ్లలో కడగొట్టుదైన బాలనాగమ్మను, భిక్షకు వచ్చినట్టు నటించిన మాయల మరాఠీ కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వెతకబోయిన భర్త కార్యవర్ధి రాజు రాయైపోతాడు. ఉయ్యాలలో మిగిలిన కొడుకు బాలవర్ధి పెరిగి, పూలమ్మే తంబళిపెద్ది పంచన చేరి, మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతలి చిలుకలో ఉందని తల్లి ద్వారా తెలుసుకుని వాడిని చంపుతాడు.

ప్రాణాన్ని దేహానికి వెలుపల దాచుకునే ఈ కల్పనను జానపద విజ్ఞానులు బహిఃప్రాణమంటారు. రష్యా కథల్లో కొష్చేయ్ అనే ప్రతినాయకుడి ప్రాణం గుడ్డులో ఉంటుంది. క్రీస్తుకు పూర్వం 1200 నాటి ఈజిప్టు ‘ఇద్దరు అన్నదమ్ముల కథ’లో తమ్ముడి గుండె ఒక చెట్టు పువ్వుపై ఉంటుంది. కాబట్టి చిలుక ఒక్కదాన్ని చూసి కథ పుట్టినచోటు తేల్చడం కుదరదు.

అంతకంటే గట్టి ఆధారం 1868లో అచ్చయిన ‘ఓల్డ్ దక్కన్ డేస్’లో ఉంది. బొంబాయి గవర్నరు కూతురు మేరీ ఫ్రెయిర్, తమ ఇంటి ఆయా అన్నా లిబరేటా డిసౌజా చెప్పగా రాసుకున్న ఆ కథల్లో ‘పంచ్‌కిన్’ అనేదానిలో కథానాయిక పేరు బాల్నా. ఏడుగురిలో ఆమే చిన్నది, ఫకీరు వేషంలో వచ్చిన మాంత్రికుడు ఆమెను కుక్కగా మార్చి పట్టుకుపోతాడు, భర్త రాయవుతాడు, కొడుకు తోటమాలి భార్య దగ్గర తలదాచుకుంటాడు, చివరకు చిలుక రెక్కలూ కాళ్లూ విరిచి, మెడ నులిమి మాంత్రికుణ్ణి అంతం చేస్తాడు. ఇన్ని అంశాలు ఇదే వరుసలో కలవడం యాదృచ్ఛికం కాజాలదు. దక్కను అంతటా ఒకే కథ తిరిగిందనడమే సబబు.

తేడా ప్రతినాయకుడి పేరులో ఉంది. మరాఠీ అనే పేరుకు పద్దెనిమిదో శతాబ్దంలో చౌతు, అంటే ఆదాయంలో నాలుగో వంతు, వసూలుకు దక్షిణాదిపై సాగిన మరాఠా దండయాత్రల జ్ఞాపకమే మూలమనే ఊహ బలమైనదే, అయితే అదే కథలో వాడికి మాయల ఫకీరనే పేరూ ఉంది గనుక, ఊరికి కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ అనుమానించే పల్లె భయం అంతకన్నా పాతదై ఉండవచ్చు. నాయికలోనూ తేడా ఉంది: బాల్నా మాంత్రికుడికి లొంగనని మాత్రమే అంటుంది. నోము పట్టానని చెప్పి గడువు సంపాదించడం తెలుగు బాలనాగమ్మ నేర్పు.

1885లో కడప ప్రాంతంలో పుట్టిన సురభి నాటక సమాజం ఈ కథను తీగలతో, మంటలతో మాయల ప్రదర్శనగా మలచగా, రంగస్థలం మీద బలపడిన మాంత్రికుడు సినిమాలో కథకే కేంద్రమయ్యాడు. జెమినీ సంస్థ కోసం సి. పుల్లయ్య తీసిన 1942 నాటి ‘బాలనాగమ్మ’లో కాంచనమాల నాయిక కాగా, గోవిందరాజుల సుబ్బారావు మాంత్రికుడు, ఇదే కథతో ‘శాంత బాలనాగమ్మ’ కూడా ఆ ఏడాదే పోటీగా వచ్చింది. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, అంజలీదేవిలతో మరో చిత్రం వచ్చింది. అంతకు ముందే, 1954లో, జెమినీవారు మధుబాలతో ‘బహుత్ దిన్ హువే’ పేర ఈ కథను హిందీలో తీయడంతో, మేరీ ఫ్రెయిర్ దక్కనులో విన్న కథ తెలుగు సినిమా మీదుగా ఉత్తరాదికి చేరింది.