చట్టసభా చర్చలలో శాఖల ఉత్తమపురుష : 1957–58 నాటి ముంద్రా వ్యవహారము

మన శాసనసభా చర్చలను విన్నవారికిని, వాని ముద్రిత ప్రతులను చదివినవారికిని మొదట తోచునది ‘అధ్యక్షా’ యను సంబోధనము. సభ్యుడు విద్యుచ్ఛక్తి శాఖపై మండిపడుచున్నను, రెవిన్యూ శాఖను మెచ్చుకొనుచున్నను మాటిమాటికి అధ్యక్షునే పిలుచును. ఇది కేవలము మర్యాద కాదు, నియమము. లోకసభలోను ఇంతే. సభ్యుడు సభ్యునితో నేరుగా మాటాడడు, సభాపతితో మాటాడును. ఇక సభలో కూర్చుండుటకే హక్కులేని శాఖాధికారుల మాట చెప్పనక్కరలేదు. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్నచో, చట్టసభా చర్చలో ప్రభుత్వశాఖ యెల్లప్పుడును ప్రథమపురుష. దానికి ఉత్తమపురుష మంత్రి. ‘మేము ఈ పని చేసితిమి’ అని మంత్రి పలికినప్పుడు, తానెన్నడును చూడని గుమాస్తా కూడ ఆ ‘మేము’లో చేరియుండును. (వ్యాసకర్తలు వాడు ‘మేము’ వేరు, దాని వెనుక సాధారణముగా ఒక్కరే యుందురు.)

మంత్రి తన శాఖ చేసిన పనిని గూర్చి ‘వారు చేసిరి’ అని తప్పుకొనవచ్చునా? ఈ ప్రశ్న మన పార్లమెంటులో మిక్కిలి తీవ్రముగా వచ్చినది 1957–58 నాటి ముంద్రా వ్యవహారమున. దానిని కుంభకోణపు కథగా చెప్పినవారు పెక్కుమంది కలరు. మేము దానిని బాధ్యతా భాషకు వచ్చిన యొక పరీక్షగా చూడదలచితిమి.

మొదట శాఖలతో సభ సాధారణముగా వ్యవహరించు తీరును స్మరింతము. రాజ్యాంగము 75వ అధికరణము మంత్రిమండలి లోకసభకు సమష్టిగా బాధ్యత వహించునని చెప్పుచున్నది. 113వ అధికరణము ప్రకారము శాఖల వ్యయమునకు కావలసిన మొత్తములను పద్దుల రూపమున సభనడుగవలెను. ఇచ్చుటకు, తగ్గించుటకు, నిరాకరించుటకు సభకు అధికారము కలదు. ఇచట కోత తీర్మానములను గూర్చి యొక మాట. ఒక శాఖ అనుసరించు విధానమే తగదని చెప్పదలచిన సభ్యుడు ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గింపవలెనని తీర్మానము తెచ్చును. ఏదేని ప్రత్యేకమైన ఫిర్యాదు చెప్పుకొనదలచినచో 100 రూపాయలు తగ్గింపుమనును. ఆ నూరు రూపాయలవలన బొక్కసమునకు ఒరుగునది యేమియు లేదు. వాచ్యము రూపాయి, వ్యంగ్యము విధానము. మన ఆలంకారికులు చూచియున్నచో దీనిని ధ్వనికి ఉదాహరణముగా గైకొనియుందురేమో! ఐనను గడువు ముగిసిన నాడు చర్చకు రాని పద్దులన్నియు ‘గిలటిన్’ అను కత్తిక్రింద ఒక్కపెట్టున ఆమోదము పొందును. ఆయా శాఖలు ఆ యేటి పద్దుల చర్చను తప్పించుకొనినట్లే.

ఇంతవరకు శాఖల సంగతి. ప్రభుత్వమువారి సొమ్ముతో, ప్రభుత్వమువారి పూచీతో నడచుచు, శాఖ కాని సంస్థ యొకటి వచ్చినచో? దానికి ప్రత్యేకమైన పద్దు లేదు. పద్దు లేనిచోట కోతయు లేదు. ఈ చిక్కును మొదట పసిగట్టినవారిలో విశాఖపట్టణము నుండి స్వతంత్ర సభ్యుడుగా ఎన్నికైన డాక్టరు లంకా సుందరము ఒకరు. ప్రభుత్వ సంస్థలను పరిశీలించుటకు పార్లమెంటు సంఘము ప్రత్యేకముగా ఉండవలెనను విషయమును ఆయన 1953 డిసెంబరులోనే లోకసభలో లేవనెత్తిరి. అప్పటికి ఆ మాట ఫలింపలేదు.

1956 సెప్టెంబరు 1వ తేదీన జీవిత బీమా కార్పొరేషను ఏర్పడినది. స్వదేశీ విదేశీ కంపెనీలు, ప్రావిడెంటు సంఘములు కలిపి 245 సంస్థల జీవిత బీమా వ్యాపారము దానిలో లీనమైనది. పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున 1925లో స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీవారి జీవిత బీమా వ్యాపారమును వానిలో నొకటి. కావున తీర జిల్లాల బడిపంతుళ్ళు, చిన్న వర్తకులు నెలనెల కూడబెట్టి కట్టిన ప్రీమియములును ఆ ఉమ్మడి నిధిలోనికి చేరినవి. ప్రభుత్వము పెట్టిన మూలధనము 5 కోట్ల రూపాయలు. పాలసీల చెల్లింపునకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. చట్టములోని 21వ సెక్షను మిక్కిలి ముఖ్యమైనది. ప్రజాప్రయోజనముతో ముడిపడిన విధాన విషయములలో ప్రభుత్వము వ్రాతమూలముగా నిచ్చు ఆదేశములను కార్పొరేషను పాటింపవలెనని దాని సారాంశము. అనగా విధానము ప్రభుత్వమువారిది, వ్యాపారము కార్పొరేషనువారిది. రెంటికి నడుమ వ్రాసిన కాగితము.

1957 జూను మాసమున కార్పొరేషను హరిదాసు ముంద్రా అను వ్యాపారికి సంబంధించిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొన్నది. పెట్టుబడుల సంఘమును ముందుగా సంప్రదింపలేదు. వ్రాసిన ఆదేశమును లేదు. బేరము ఆర్థికశాఖ ప్రధాన కార్యదర్శి హెచ్. యం. పటేలుగారి ప్రమేయముతో కుదిరినది. సెప్టెంబరులో డాక్టరు రామ్ సుభగ్ సింగుగారు ఈ విషయమై ప్రశ్న వేసిరి. నవంబరులో మరల ప్రశ్నలు వచ్చినవి. సమాధానములు తొలుత క్లుప్తములు, పిదప అస్పష్టములు. అనుబంధ ప్రశ్నలకు గల బలము ఇట్టిచోటనే తెలియును. మొదటి ప్రశ్నకు కార్యాలయము వ్రాసియిచ్చిన జవాబును చదువవచ్చును. రెండవదానికి మంత్రి తాను తెలిసికొనినదే చెప్పవలెను.

డిసెంబరు 16వ తేదీన ఫిరోజు గాంధీగారు చర్చ లేవనెత్తిరి. ఆయన అధికార పక్షమువారు, ప్రధానమంత్రి అల్లుడు. అంతకంటెను గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. 1955 డిసెంబరులో ప్రైవేటు బీమా కంపెనీల అక్రమములను సభలో బయటపెట్టి జాతీయీకరణమునకు బాట వేసినవారిలో ఆయన ముఖ్యులు. కావున ఆయన వాదము ప్రభుత్వరంగమునకు వ్యతిరేకము కాదు. తాము కోరి తెచ్చుకొనిన సంస్థ పాతదారి పట్టినదను ఆవేదన. ఆయన విధానమును గూర్చిన సిద్ధాంతములు చెప్పలేదు. తేదీలు చెప్పిరి, వాటాల ధరలు చెప్పిరి. బేరము జరిగిన క్రమమును విప్పిచూపిరి. పద్దుల చర్చలలో గంటలకొలది సాగు ప్రసంగములు సాధింపలేని పనిని ఆ తేదీలు సాధించినవని మా అభిప్రాయము.

నాడు సభాపతి స్థానమున నున్నవారు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తిరుచానూరున జన్మించి, చిత్తూరు నుండి ఎన్నికైనవారు. అంచనాల సంఘమునకు దాని తొలి యేండ్లలో అధ్యక్షత వహించి శాఖల లెక్కలలోని మెలకువలెరిగినవారు. సభలో పలికిన ప్రతి నిందయు, ప్రతి సమాధానమును ఆయన పేర సంబోధింపబడినవే.

చర్చ ఫలితముగా బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి యం. సి. చాగ్లాగారితో ఏకసభ్య విచారణ సంఘము ఏర్పడినది. అది బొంబాయిలో బహిరంగముగా విచారణ జరిపినది. అంతవరకు చర్చల ప్రతులలో ప్రథమపురుషగా మాత్రమే యుండిన శాఖ అచట స్వయముగా నోరు విప్పినది. కార్యదర్శి సాక్ష్యమిచ్చెను, మంత్రియు సాక్ష్యమిచ్చెను. ఇద్దరి మాటలు కలియలేదు. బేరము మంత్రికి తెలిసియే జరిగినదని కార్యదర్శి తాత్పర్యము. తాను దానికి ఆమోదము తెలుపలేదని మంత్రి తాత్పర్యము. కలకత్తా షేర్ల బజారును నిలబెట్టుటకే కొంటిమను సమర్థనమును న్యాయమూర్తి అంగీకరింపలేదు.

1958 ఫిబ్రవరి 10వ తేదీన సమర్పించిన నివేదికలో చాగ్లాగారు తేల్చినది యిది : కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రియే బాధ్యుడు, తన క్రిందివాని పనిని తనది కాదనుటకు వీలులేదు. అంతటితో ఆగక, సంగతులను మంత్రులు మొదటనే పార్లమెంటు ముందుంచవలెననియు, సభ వానిని ఇతర మార్గముల తెలిసికొను దుస్థితి రాకూడదనియు ఆయన వ్రాసిరి. ఆ నెలలోనే ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు రాజీనామా చేసిరి.

ఈ తీర్పు కఠినమని వాదించినవారు కలరు. వేలకొలది కాగితములు నడచు శాఖలో ప్రతి పనికిని మంత్రి తల యొగ్గవలెననుట న్యాయమా? అధికారి తప్పుచేసినచో అధికారినే శిక్షింపరాదా? వాదము సబబుగనే తోచును. కాని దాని పర్యవసానము చూడుడు. అధికారి సభలోనికి రాలేడు. సభ వానిని ప్రశ్నింపజాలదు. మంత్రి ‘వారు’ అన్నంతనే సభకు ఎదుట మాటాడువారెవరును మిగులరు. ప్రశ్న వేయుట సభ్యుని హక్కుగానే యుండును గాని, బదులు చెప్పవలసిన నోరు ఉండదు. అందుచేత మంత్రిని బాధ్యుని చేయుట వ్యక్తిపై విధించిన శిక్ష కాదనియు, సభకును శాఖకును నడుమ మాట నడచుటకు గల ఒకే త్రోవను తెరచియుంచుటయనియు మేము తలంచుచున్నాము. అధికారుల నడవడి వివియన్ బోసుగారి అధ్యక్షతన వేరుగా విచారింపబడినది. అట్లు వేరుచేయుటయే ఉచితము.

అయితే కార్పొరేషను విషయమున లంకా సుందరముగారు చూచిన చిక్కు ఇంకను తీరలేదు. 1959లో వి. కె. కృష్ణమేననుగారి అధ్యక్షతన కాంగ్రెసు పార్లమెంటరీ పక్షపు ఉపసంఘము ప్రభుత్వ సంస్థలపై పార్లమెంటు పర్యవేక్షణను గూర్చి నివేదిక యిచ్చినది. 1964లో ప్రభుత్వ సంస్థల సంఘము ఏర్పడినది. లోకసభ నుండి 10 మంది, రాజ్యసభ నుండి 5 గురు. 1953 నుండి లెక్కించిన 11 సంవత్సరములు పట్టినవి. దాని నియమములు చదివినచో మరల ఆ పాత గీతయే కనబడును. వ్యాపార కార్యములకంటె భిన్నములైన ప్రధాన ప్రభుత్వ విధానములను అది పరిశీలింపరాదు. దినదిన పాలనలో చేయి పెట్టరాదు. ముంద్రా బేరము ఈ రెంటిలో దేనిక్రిందికి వచ్చును? విధానమన్నచో వ్రాసిన ఆదేశము లేదు. దినపాలన యన్నచో ఆర్థికశాఖ కార్యదర్శికి అందు పనిలేదు. అది గీతపైననే నిలిచిన వ్యవహారము. 1993లో శాఖలవారీగా స్థాయీ సంఘములేర్పడి పద్దుల పరిశీలన కొంత లోతుగా సాగుటకు అవకాశము కలిగినది గాని, గీతపైన నిలుచు వ్యవహారములను పట్టుకొనుటకు నేటికిని ప్రశ్నోత్తరముల గంటకు మించిన సాధనము కానరాదు.

కృష్ణమాచారిగారు 1963లో మరల ఆర్థికమంత్రియైరి. ప్రభుత్వ సంస్థల సంఘము ఏర్పడిన నాడు ఆ శాఖ ఆయన చేతనే యున్నది. 1957లో సభాభవనమున నోరు విప్పుటకు వీలులేక తన పేరు చర్చింపబడుచుండగా బయట నుండిన పటేలుగారు, ఉద్యోగము వీడి, రాజకీయములలో ప్రవేశించి, 1977లో జనతా ప్రభుత్వమున ఆర్థికమంత్రిగా అదే సభలో నిలిచిరి. నాటినుండి ఆర్థికశాఖ పక్షమున ‘మేము’ అని పలుకవలసినవారు ఆయనయే.